రెఫరెండం ఓడినా కొలంబియా శాంతి ఒప్పందం ఎలా అమలైంది? – సమాధానం

మీ చిక్కంతా ఒక్కచోటే ఉంది: రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) జనం ‘వద్దు’ అన్నది మొదటి ఒప్పందాన్ని, అమలైంది రెండోది. రెండూ ఒకటే అనుకుంటే ‘ఓడింది మళ్లీ ఎలా బతికింది’ అన్న మీ ప్రశ్న తెగదు. అన్నీ 2016లోవే, వరుసగా చూడండి:

1. సెప్టెంబర్ 26: కార్తహేనా నగరంలో, ప్రభుత్వంతో దశాబ్దాలుగా పోరాడిన ఫార్క్ గెరిల్లాలు, ప్రభుత్వం కలిసి మొదటి ఒప్పందంపై సంతకాలు.

2. అక్టోబర్ 2: రెఫరెండంలో ‘వద్దు’ 50.2 శాతం, ‘సరే’ 49.8. తేడా 54 వేల ఓట్ల లోపే.

3. అందరూ దాటేసేది ఇదే. ఓటింగ్‌కు ముందే, జులైలో, రాజ్యాంగ కోర్టు తేల్చేసింది: రెఫరెండం ఫలితానికి కట్టుబడాల్సింది అధ్యక్షుడే, పార్లమెంటు కాదు. ‘వద్దు’ గెలిచినా, మార్చిన ఒప్పందం తేవడానికి అడ్డు లేదు. నాటి అధ్యక్షుడు శాంటోస్‌కు దారి దొరికింది ఇక్కడే.

4. ఓటమి తర్వాత ఒప్పందంలో చేసిన మార్పులు పైపైవి కావు. యుద్ధ నేరాలను విచారించే ప్రత్యేక కోర్టులో విదేశీ జడ్జీలను తీసేశారు. ఫార్క్ తన ఆస్తుల చిట్టా ఇచ్చి, వాటిని బాధితుల పరిహారానికి అప్పగించాలన్నారు. ఫార్క్ నేతలు ఎన్నికల్లో నిలబడే హక్కు మాత్రం కదల్లేదు. ‘వద్దు’ ప్రచారం నడిపిన మాజీ అధ్యక్షుడు ఉరిబే వర్గానికి మంట అందుకే.

5. నవంబర్ 24: బొగోటాలో కొత్త సంతకాలు. 29న సెనేట్, 30న దిగువ సభ ఆమోదం. ఉరిబే వర్గం ఓటేయకుండా లేచిపోయింది.

6. డిసెంబర్ 13: అమలు చట్టాలను తక్కువ చర్చలతో త్వరగా పాస్ చేసే పద్ధతికి రాజ్యాంగ కోర్టు పచ్చజెండా.