అవ్వ చీరతో కుట్టించిన కుర్తా

ప్రశ్న: నా వయసు 26. మాది ఎమ్మిగనూరు దగ్గరి పల్లె. మూడేళ్ళుగా అనంతపురంలో హాస్టల్లో ఉంటూ ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. ఉద్యోగంలో చేరేదాకా నా బట్టలన్నీ అమ్మే ఎంచేది. ఆ తరువాత తోటి ఉద్యోగినులు వేసుకున్నవీ ఫోనులో కనిపించినవీ చూసి కొనడం మొదలుపెట్టాను. బీరువా నిండింది గానీ, ఏది వేసుకున్నా అరువు తెచ్చుకున్నట్లే ఉంటుంది. మొన్న పెళ్ళిచూపులకు మేనత్త కట్టబెట్టిన చీరలో అద్దం చూసుకుంటే ఎవరో పరాయి మనిషి కనిపించి ఏడుపొచ్చింది. చామనఛాయ కాబట్టి పసుపు, నారింజ రంగులు నాకు నప్పవని ఆమె చిన్నప్పటి నుంచీ అంటుంది. ‘ఎవరి కోసం ఈ వేషాలు’ అని అమ్మ కోప్పడుతుంది. నేను ఇష్టంగా వేసుకునేదల్లా అవ్వ పాత నూలు చీరతో కుట్టించిన ఒక్క కుర్తానే, అదీ చిరుగుతోంది. నాకంటూ ఒక తీరును ఎక్కడ వెతుక్కోవాలి? లేక ఇది పనిలేని ఆలోచనా?

జవాబు: ఇది పనిలేని ఆలోచన కానే కాదమ్మా. ఇరవై మూడేళ్ళ వయసు దాకా ఎంచుకునే పని మీకు ఎవరూ అప్పగించలేదు. అప్పగించిన రోజున ఆ పని ఎలా చేయాలో తెలియక, అమ్మ చేతిలోని దానిని తోటి ఉద్యోగినుల చేతిలో పెట్టారు. అందుకే బీరువా నిండినా మీది అనిపించే బట్ట కనిపించడం లేదు. అయితే మీరు వెతుకుతున్న దానికి మొదటి ఆనవాలు మీ ఉత్తరంలోనే, చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ కుర్తాలో ఉంది.

దానిని మంచం మీద పరచి, కొత్తగా చూస్తున్నట్లు చూడండి. చేయి ఎంత పొడవుంది, మెడ ఎంత దిగింది, నడుము దగ్గర బిగుతుగా ఉందా వదులుగా ఉందా, రంగు వెలిసిన తరువాత నచ్చిందా ముందు నుంచీ నచ్చిందా అని ఒక్కొక్కటే కాగితం మీద రాసుకోండి. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలుకు చెమట పీల్చే గుణం ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటే అనంతపురంలో మీ ఒళ్ళు ఆ బట్టను కోరుకోవడంలో వింత లేదు. మీ ప్రాంతపు నేతకు పెద్ద చరిత్రే ఉంది. మాచాని సోమప్ప గారు 1938లో ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సహకార సంఘాన్ని నిలబెట్టారు. ఆ సేవకు 1954లో పద్మశ్రీ అందుకున్నారు. మీ అవ్వ చీర ఆ మగ్గాల మీద నేసినదేనా అని అమ్మను అడగండి. ఎందుకు అడగమంటున్నానో తరువాత చెబుతాను.

ఒక ఆదివారం బీరువా మొత్తం బయటికి తీయండి. అందంగా ఉన్నవేవి అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఎక్కువగా అరిగినవేవి అని మాత్రమే చూడండి. మెడ దగ్గర నలిగినవి, మోచేతి దగ్గర పలచబడినవి ఒక కుప్పగా వేస్తే, మనసు చెప్పలేని ఇష్టాన్ని ఆ అరుగుదల చెబుతుంది. ఆ కుప్పలో పదే పదే కనిపించే గుడ్డా, కత్తిరింపూ, రంగూ ఏవో గుర్తుపట్టే దాకా, కనీసం రెండు నెలలు, ఏమీ కొనకండి. ఇది కష్టంగానే ఉంటుంది, అయినా తప్పదు.

ఫోనులోని బొమ్మలను చూడవద్దని నేను చెప్పను. ఒక బొమ్మ దగ్గర ఆగినప్పుడు, కొనాలనిపించే ముందు, అందులో మిమ్మల్ని ఆపినది రంగా, గుడ్డ జారిన తీరా, లేక అది వేసుకున్న అమ్మాయి నిలబడిన ధీమాయా అని అడిగి ఒక్క మాట రాసుకోండి. ఎక్కువసార్లు ధీమాయే అని తేలితే, మీరు కొనబోతున్నది ఆ పార్శిల్‌లో రాదని మీకే అర్థమవుతుంది.

ఆ బొమ్మలకన్నా నేను ఎక్కువగా నమ్మేవి మన చుట్టుపక్కల ఉన్నవి. వీలైతే ఒక రోజు లేపాక్షికి వెళ్ళి, వీరభద్రస్వామి గుడి మండపాల కప్పు కింద తల ఎత్తి తీరికగా నిలబడండి. పదహారో శతాబ్దంలో, విజయనగర కాలంలో వేసిన ఆ చిత్రాల్లోని స్త్రీల చీరల మీద గళ్ళు, చారలు, పువ్వులు ఎన్ని తీరులుగా ఉన్నాయో, ఎరుపు, కావి, నలుపు, తెలుపు వంటి కొద్దిపాటి రంగులతోనే ఒకరికి మరొకరు ఎలా వేరుగా కనబడుతున్నారో చూడండి. అక్కడి లతామండపం స్తంభాల మీది నగిషీలు చీరల అంచులకు ఎక్కి ఇప్పటికీ నేతలో బతుకుతున్నాయి. తిరుగు దారిలో ధర్మవరంలో దిగి, మగ్గం దగ్గర కాసేపు కూర్చోండి. పడుగు, అంటే నిలువు దారం, ఒక రంగు, పేక, అంటే అడ్డ దారం, మరో రంగు వేసి నేసిన పట్టు, కదిలినప్పుడల్లా రెండు వన్నెలుగా మారుతుంది. కొనవలసిన అవసరం లేదు. పక్కపక్కన ఏ రెండు రంగులు మీ కంటికి హాయిగా ఉన్నాయో గుర్తుపెట్టుకుంటే చాలు, ఆ జతను రెండు వందల రూపాయల నూలు దుపట్టాలో కూడా వెతుక్కోవచ్చు.

ఇక మీ మేనత్త మాట. చామనఛాయకు పసుపు నప్పదన్నది మన ఇళ్ళలో ఆడపిల్లల మీద మోపిన అన్యాయమైన మాటల్లో ఒకటి, దానితో నేను ఏ మాత్రం ఏకీభవించను. బంతిపువ్వు రంగు, ఆవపిండి పసుపు, ఇటుక ఎరుపు చామనఛాయ మీద ఎంత నిండుగా ఉంటాయో తెలుసుకోవడానికి నా మాట కూడా నమ్మనక్కరలేదు. దుకాణంలోని దీపాల కింద రంగు మారి కనిపిస్తుంది కాబట్టి, గుడ్డను వాకిలి దాకా తీసుకువచ్చి, పగటి వెలుతురులో గడ్డం కింద పట్టుకుని, చిన్న అద్దంలో చూసుకోండి. ముఖం తేటగా కనిపించిందా, అలసిపోయినట్లు కనిపించిందా అన్నది మీ కళ్ళే తేల్చాలి. ఇంతకాలం వద్దన్న ఆ రెండు రంగులతోనే మొదలుపెట్టండి.

అమ్మ ప్రశ్నలో కోపం కన్నా భయం ఎక్కువగా ఉందని నాకు తోస్తుంది. ఊరు ఏమంటుందోనన్న భయం ఒకటి, కూతురికి ఇక తన అవసరం లేదేమోనన్న దిగులు మరొకటి. అవ్వ చీర సంగతి అడగమన్నది అందుకే. అమ్మ చేత పాత ట్రంకు పెట్టె తెరిపించి, తాను ఏ చీర ఎప్పుడు కొన్నదో, దేనిని ఇష్టపడి దాచుకున్నదో, దేనిని ఎవరి మాట కోసమో కట్టుకున్నదో చెప్పించుకోండి. ఆమెకూ ఎంచుకునే వీలు దక్కని రోజులు ఉండే ఉంటాయి. తరువాతి సారి దుకాణానికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి అది నిలిచేదో కాదో చెప్పగలిగిన నేర్పు ఆమెది కనుక ఆ పని ఆమెకే వదిలి, రంగూ కుట్టూ మీరు తేల్చుకోండి. జీతంలో నెలకు ఇంతే అని ఒక మొత్తాన్ని ముందే ఆమెతో చెప్పి దానికి కట్టుబడితే సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మెత్తబడవద్దు. మళ్ళీ పెళ్ళిచూపులు కుదిరినప్పుడు, చీర నేనే ఎంచుకుంటానని రెండు రోజుల ముందే నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. అంతకు ముందు రెండు మూడు సార్లు కట్టి, కుచ్చిళ్ళు మీ మాట వినే చీరనే కట్టుకోండి. వచ్చినవారు చూడవలసింది మిమ్మల్ని కదా. ఇవన్నీ చేసినా అద్దం ముందు అదే ఏడుపు వస్తుంటే, బాధ బట్టల గురించి కాక మీ ఒంటి రంగు గురించో రూపం గురించో అయి ఉండవచ్చు. అప్పుడు దానిని మనసులోనే అణచుకోక, దగ్గరలోని కౌన్సెలర్‌ను నేరుగా కలవండి.

ఈ లోగా ఆ కుర్తాను ఇంకా చిరగనివ్వకుండా దర్జీ దగ్గరికి తీసుకువెళ్ళండి. జాకెట్టు కుట్టించేటప్పుడు కొలతకు పాత జాకెట్టు ఇచ్చినట్లే దీనినీ ఇచ్చి, ఇదే మెడ, ఇదే చేయి, ఇదే వదులుతో బంతిపువ్వు రంగు నేత గుడ్డలో ఒకటి కుట్టమనండి. కొలతకు ఇచ్చిన దానిని తిరిగి తెచ్చుకోవడం మాత్రం మరచిపోకండి.