‘కైంకర్యం’ అంటే సేవా, సొమ్ము కాజేయడమా?

కైంకర్యమంటే సేవ అయినప్పుడు, ‘నిధులు కైంకర్యం చేశారు’ అని పత్రికలు రాయడం తప్పు కాదా అన్నది ప్రశ్న. తప్పు కాదు, రెండూ తెలుగులో స్థిరపడిన అర్థాలే.

సంస్కృతంలో కింకరుడంటే సేవకుడు, అతను చేసే పని కైంకర్యం. తిరుమలలో సుప్రభాతం మొదలు ఏకాంతసేవ వరకు శ్రీవారికి జరిగే సేవలను నేటికీ కైంకర్యాలనే అంటారు. తెలుగు వాడుకలో అదే మాట పరుల సొమ్మును మింగేయడానికీ పేరైంది. అయినా తికమక కలగదు, ఎందుకంటే ‘స్వామికి కైంకర్యం చేశాడు’, ‘సొమ్మును కైంకర్యం చేశాడు’ అన్న వాక్యాల్లో ఒకచోట ‘కి’, మరొకచోట ‘ను’ వచ్చి, ఏ అర్థం తీసుకోవాలో వినేవారికి వెంటనే తెలియజేస్తాయి.

వ్యుత్పత్తి మాట పుట్టుకను చెబుతుందే గాని, దాని నేటి అర్థాన్ని శాసించదు. పంకజమంటే బురదలో పుట్టినదని అవయవార్థం, అంటే మాటలోని భాగాలను బట్టి వచ్చే అర్థం. అయినా ఆ మాటను తామరకే వాడతాం, బురదలో పుట్టిన మరి దేనికీ వాడం. శాస్త్రకారులు దీన్నే యోగరూఢి అన్నారు. అలాగే వ్యవసాయమన్న మాటకు సంస్కృతంలో ప్రయత్నం, నిశ్చయం అని అర్థం, తెలుగులో సేద్యమని.

దేవాలయ నిధుల గురించి రాసేటప్పుడు మాత్రం రెండర్థాలూ పక్కపక్కనే మసలుతాయి కాబట్టి, ‘కాజేశారు’ అని సూటిగా రాయడమే నా దృష్టిలో మేలు.