ఆ బిరుదు తీసేసి మళ్లీ పంపు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకున్నాను. ‘ఎగిరే గృహిణి’ అన్న మాట శీర్షికతో కలిపి పదకొండుసార్లు వచ్చింది. 1948 లండన్ ఒలింపిక్స్ నాడు పత్రికలవాళ్లు తగిలించిన పేరది. ఫానీ బ్లాంకర్స్-కూన్ అని ఆ నెదర్లాండ్స్ అథ్లెట్‌కు సొంత పేరు ఉంది కదా, దాన్ని ఎందుకు వదిలేశావు?

బిరుదు తగిలించాక ఇక మనిషిని చూడటం మానేస్తాం. మన సన్మానపత్రాలన్నీ ఇంతే. శాలువా కప్పుకున్న ఆ మనిషి ఎవరో చివరిదాకా తెలియదు.

నా మూడో కథ పాలకేంద్రంలో వెన్నశాతం కొలిచే ఒక ఆవిడ గురించి. బడి నుంచి వచ్చి, వంట ముగించి, దిద్దిన జవాబు పత్రాల వెనకవైపు రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు దానికి ‘ఇల్లాలి వెన్నమనసు’ అని పేరు మార్చి అచ్చేశాడు. అడిగితే, ఆడవాళ్ల కథ అని పాఠకులకు తెలియాలి కదమ్మా అన్నాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ మంట చల్లారలేదు. ఆ కథలో ఆవిడ ఎవరికీ ఇల్లాలు కాదు.

ఇప్పుడు నీ వ్యాసం సంగతి. 1936 బెర్లిన్‌లో ఫానీకి పద్దెనిమిదేళ్లు. హైజంప్‌లో ఆరో స్థానం దక్కింది. మళ్లీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టేనాటికి ముప్పై. ఈ పన్నెండేళ్లను నువ్వు ‘యుద్ధం వల్ల కొంత విరామం ఏర్పడింది’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. విరామం ఎక్కడిది? ఆమె దేశం జర్మన్ల చేతిలో ఉంది, తిండికి కటకట. కొడుకు పుట్టగానే ఇక ఆమె ఆట ముగిసిందని అక్కడి పత్రికలు అనుకున్నాయి. 1943లో హైజంప్ 1.71 మీటర్లు, లాంగ్‌జంప్ 6.25 మీటర్లు, రెండూ ప్రపంచ రికార్డులు. అవి నీ వ్యాసంలో లేవు. పిల్లల్ని వదిలి పరుగులేమిటని జనం ఉత్తరాలు రాశారు. బ్రిటిష్ జట్టు మేనేజరు జాక్ క్రంప్ ఆమెకు వయసు మీరిందన్నాడు. ఆ పిల్లలేమో ఆమె సాధన చేస్తుంటే పక్కనే లాంగ్‌జంప్ ఇసుకలో ఆడుకునేవాళ్లు. ఆ ఇసుక గురించి రాయి.

నాలుగు స్వర్ణాలను వరసగా చెప్పావు: 100 మీటర్లు, 80 మీటర్ల హర్డిల్స్, 200 మీటర్లు, రిలే. హర్డిల్స్‌లో ఆమెకూ బ్రిటన్ అమ్మాయి మౌరీన్ గార్డ్‌నర్‌కూ ఒకటే సమయం, 11.2 సెకన్లు. ఫొటో చూసి తేల్చాలి. అంతలో బ్రిటన్ జాతీయగీతం మోగింది. ఓడిపోయానని ఆమె గుండె జారిపోయింది. తీరా చూస్తే రాజుగారు స్టేడియానికి వచ్చినందుకు ఆ గీతం. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, నువ్వు దీన్ని వదిలేసి 11.2 అన్న అంకె మాత్రం ఉంచావు! 200 మీటర్ల సెమీఫైనల్‌కు ముందు ఆమె ఏడ్చింది, ఇంటికి వెళ్లిపోతానంది. ఆ మనిషే వానకు తడిసిన బాట మీద ఫైనల్‌ను 0.7 సెకన్ల తేడాతో గెలిచింది. ఏడుపు లేకుండా ఆ 0.7కు అర్థమేముంది?

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇరుగుపొరుగు వాళ్లు ఆమెకు సైకిలు కొనిచ్చారని, ఇక అంతగా పరుగెత్తనక్కర్లేదని ఇచ్చారని రాశావు. అక్కడ నాకు గొంతు పట్టేసింది. ఆ వెంటనే ‘ఇటువంటి ఆదర్శ మహిళలు నేటి సమాజానికి’ అంటూ మొదలుపెట్టావు. అక్కడి నుంచి చివరిదాకా కొట్టేశాను.

ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. రిలేకు ముందు రెయిన్‌కోటు కొనడానికి బజారుకు వెళ్లి, పరుగు వేళకు ఆలస్యంగా చేరిన సంగతి బాగా పట్టుకున్నావు. కానీ ఆ కోటు నీలిరంగుదని నీకెవరు చెప్పారు? ఎక్కడైనా చదివి ఉంటే ఉంచు, లేకపోతే ఆ రంగు తీసెయ్యి.