అల్లుడికి, ఎడమ చేతి పాడిల్ గురించి

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవెనలు.

కొత్త బండి ఫొటోలు చూశాం. రంగు మీ అత్తకి తెగ నచ్చింది. నాకు నచ్చింది నువ్వు క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే వేసుకునే ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ తీసుకోవడం. స్టీరింగ్ వెనకాల వేళ్లతో లాగి గేర్లు మార్చే ఆ రెండు మీటలు, అదే పాడిల్స్, పక్కనున్న స్పోర్ట్ బటన్ మన రోడ్లకి పనికొస్తాయా, లేక షోకేనా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. పనికొస్తాయిరా. కాకపోతే షోరూమ్‌లో కుర్రాడు చెప్పినట్టు స్పీడు కోసం మాత్రం కాదు.

ముందు స్పోర్ట్ మోడ్ సంగతి తేల్చేద్దాం. ఆ బటన్ నొక్కితే మామూలు బండ్లలో ఇంజిన్‌కి కొత్త బలం ఏమీ రాదు. ఉన్న బలాన్నే తొందరగా అందిస్తుంది, అంతే. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఎక్కువ తొక్కినట్టు లెక్కేసుకుంటుంది. పై గేరుకి ఆలస్యంగా వెళ్తుంది, కింది గేరుకి తొందరగా దిగుతుంది. చాలా బండ్లలో స్టీరింగ్ కూడా కాస్త బరువెక్కుతుంది. ఇంజిన్ ఎప్పుడూ పై చుట్లలో తిరుగుతుంది కాబట్టి పెట్రోలూ ఆ మేరకు తాగుతుంది.

ఇక పాలకొల్లు బస్టాండ్ దగ్గరో, భీమవరంలో మార్కెట్ వేళో ఆ మోడ్‌లో పోయావనుకో, నువ్వు పాదం కదిపినప్పుడల్లా బండి ముందుకు ఉరుకుతుంది. వెనక సీట్లో అమ్మమ్మ ఉంటే నీకు దీవెనలకి బదులు ఇంకేవో వినిపిస్తాయి. ఊళ్లలో గేరు లివర్ డీలో, అంటే మామూలు ఆటోమేటిక్‌లో, ఉంటే చాలు. పొద్దున్నే బండి తీసిన వెంటనే కూడా స్పోర్ట్ వద్దు. ఇంజిన్ ఆయిలూ గేరుబాక్స్ ఆయిలూ వేడెక్కేదాకా నాలుగైదు కిలోమీటర్లు నిదానంగా పోనీ.

సంక్రాంతికి బావలూ బావమరుదులూ దిగుతారు, “ఏదీ, స్పోర్ట్ మోడ్ చూపించు” అంటారు. పేటల్లో పందేల జనం, రోడ్డు మీద పిల్లలు. బటన్ పాడైందని చెప్పెయ్.

పాడిల్స్ దగ్గరికి వద్దాం. కుడి వైపుది ప్లస్, పై గేరు. ఎడమ వైపుది మైనస్, కింది గేరు. డీలో ఉండగా వీటిలో ఏది లాగినా ఆ గేరు కాసేపు ఉండి, బండి మళ్లీ తనంతట తనే ఆటోమేటిక్‌లోకి వెళ్లిపోతుంది. లివర్‌ని మాన్యువల్ వైపు జరిపి పెడితే మాత్రం నువ్వు ఇచ్చిన గేరులోనే ఉంటుంది. మీటర్లో అంకె కనిపిస్తుంది, దాన్ని చూడడం అలవాటు చేసుకో. కొన్ని బండ్లలో ప్లస్ కాసేపు పట్టుకుంటే తిరిగి డీలోకి వస్తుంది. మీ బండిలో ఎలాగో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ రెండు పేజీలు చదువు. తప్పు గేరు వేస్తే ఇంజిన్ విరిగిపోతుందేమో అని టెన్షన్ పడకు. స్పీడు ఎక్కువగా ఉన్నప్పుడు మరీ కింది గేరు అడిగితే గేరుబాక్స్ కంప్యూటర్ ఒప్పుకోదు. బండి ఆగేటప్పుడు గేర్లు వాటంతట అవే దిగిపోతాయి కూడా.

కుడి పాడిల్‌తో నీకు పెద్దగా పని పడదు. పై గేర్లు వేయడం ఆ బండికి నీకన్నా బాగా తెలుసు. దానికి తెలియనిది ముందు రాబోయేది. మలుపు చూడలేదు, దిగుడు చూడలేదు, ఎదురుగా బస్సు వస్తుందో లేదో చూడలేదు. అవి చూసేది నువ్వు. నువ్వు చూసింది బండికి చెప్పడానికి ఉన్నదే ఆ ఎడమ పాడిల్.

ఓవర్‌టేకే తీసుకో. రాజోలు వైపు వచ్చేటప్పుడు ముందు కొబ్బరికాయల లారీ ఉంటుంది, లేదంటే రొయ్యల మేత లోడు. అరవైలో ఐదో గేరులో దాని వెనక పోతుంటావు. ఖాళీ కనబడగానే యాక్సిలరేటర్ అడుగంటా తొక్కుతారు అందరూ. బండి ఒక్క క్షణం ఆలోచించి, గేర్లు దిగి, అప్పుడు ఉరుకుతుంది. ఆ క్షణానికి నువ్వు సగం అవతలి లైన్లోకి వెళ్లిపోయి ఉంటావు. అలా కాకుండా, లారీ వెనక ఉండగానే ఎడమ పాడిల్ రెండుసార్లు లాగి మూడో గేరుకి తెచ్చుకో. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపే ముల్లు మూడు వేల దగ్గరికి వస్తుంది, బండి సిద్ధంగా ఉంటుంది. లారీకి మరీ అంటుకోకుండా కొంచెం వెనకే ఉండు, రోడ్డు కనబడాలి కదా. ఖాళీ ఉంటే ఆలస్యం లేకుండా వెళ్తావు. లేకపోతే ఊరుకుంటావు, పోయేదేమీ లేదు, బండి మళ్లీ తనే పై గేరుకి వెళ్తుంది.

ఇంకోటి. మన కాలువల మీద వంతెనలు చాలావరకు నడుము ఎత్తుగా ఉంటాయి, అవతల ఏముందో పైకెక్కేదాకా తెలియదు. అక్కడ ఏ గేరు ఉన్నా, ఏ మోడ్ ఉన్నా ఓవర్‌టేక్ అన్న మాటే వద్దు.

మీ నాన్న బండి డీజిల్ కదా, దాన్ని నడిపేటప్పుడు లెక్క వేరు. ఇప్పటి ఒకటిన్నర లీటర్ టర్బో డీజిల్ ఇంజిన్ల బలం చాలావరకు 1500 నుంచి 2750 చుట్ల మధ్యలోనే ఉంటుంది. పాడిల్‌తో కింది గేరులో పట్టుకుని నాలుగు వేల దాకా లాగితే శబ్దం పెరుగుతుంది, లాగుడు పెరగదు. ఒక్క గేరు దింపితే చాలు.

వాన రోజుల్లో జాగ్రత్త. సార్వా, అదే ఖరీఫ్ వరి, కోతలప్పుడు ట్రాక్టర్లు చేలోంచి రోడ్డెక్కి బురద గడ్డలు రాలుస్తూ పోతాయి. తుపాను జల్లు పడిందంటే కాలువ గట్టు రోడ్డు సబ్బు రాసినట్టు ఉంటుంది. అప్పుడు స్పోర్ట్ మోడ్ అసలు తాకకు. నీ బండిలో ఇంజిన్ బలం ముందు చక్రాలకే వెళ్తుంది, స్టీరింగ్ తిప్పేదీ అవే. కాస్త తొక్కితేనే ఎక్కువ బలం వచ్చిందంటే ఆ చక్రాలు జారతాయి. ఎడమ పాడిల్ కూడా అలాంటి చోట మలుపులో ఉండగా లాగకు. ఒకేసారి రెండు గేర్లు దింపితే చక్రాన్ని సడన్‌గా పట్టి ఆపినట్టవుతుంది. మలుపు రాకముందే, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడే, ఒక్కొక్క గేరూ దింపు. పైగా ఆ పాడిల్స్ స్టీరింగ్‌తో పాటే తిరుగుతాయి. సగం తిప్పాక ప్లస్ ఎక్కడో మైనస్ ఎక్కడో వేళ్లకి అందదు.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. పాడిల్‌తో గేరు దింపి వేగం తగ్గిస్తే వెనక బ్రేక్ లైట్ వెలగదు. నీ వెనక బైకు మీద ముగ్గురు కూర్చుని, ఫోన్ మాట్లాడుకుంటూ వస్తున్నవాడికి నువ్వు తగ్గుతున్నావని ఎలా తెలుస్తుంది? అందుకే గేరు దింపే ముందు బ్రేక్ మీద పాదం తేలిగ్గా ఆనించు, లైట్ వెలిగేటంత. దాళ్వా, అదే రబీ వరి, కోతలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంచుతారు చూశావా, అక్కడ ఇది మరీ అవసరం.

ఇక నువ్వు అడిగిన మారేడుమిల్లి ప్రయాణం. మన డెల్టాలో ఎత్తంటే వంతెన ఎత్తే కాబట్టి ఇక్కడివాళ్లకి ఘాట్ దిగడం అలవాటుండదు. రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరేదాకా డీలోనే పోనీ. అక్కణ్ణుంచి చింతూరు వైపు ఘాట్‌లో ఎక్కేటప్పుడు స్పోర్ట్ పెట్టుకో, అది నిజంగా పనికొచ్చే చోటు అదే. మాటిమాటికీ పై గేరుకి పోయి మళ్లీ దిగే బాధ తప్పుతుంది.

దిగేటప్పుడు లివర్ మాన్యువల్‌లో పెట్టి, మూడో గేరో రెండో గేరో నువ్వే పట్టుకో. లారీ తోలే రోజుల్లో మాకు నేర్పింది ఒకటే: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. అప్పుడు ఇంజినే బండిని ఆపుతూ ఉంటుంది, బ్రేకులు మలుపుల దగ్గర మాత్రం తొక్కుతావు. దిగుడంతా బ్రేక్ మీదే పాదం ఉంచితే ప్యాడ్లు కాలి వాసనొస్తాయి, బ్రేక్ పట్టు తగ్గిపోతుంది. వాసన వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వు, చక్రాల మీద నీళ్లు మాత్రం పొయ్యకు.

పెట్రోలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసే మొనగాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి, యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్లో వేస్తేనే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత తాగుతుంది. మిగిలేదేమీ లేదు, బండి మీద పట్టు కూడా పోతుంది.

ఘాట్‌కి పోయే ముందు ఇక్కడే చెయ్యి తిప్పుకో. ఆదివారం పొద్దున్నే చించినాడ వంతెన దాటి రా, రోడ్డు ఖాళీగా ఉంటుంది. వంతెన దిగేటప్పుడు బ్రేక్ తక్కువ వాడి, ఎడమ పాడిల్‌తో ఐదు నుంచి నాలుగు, నాలుగు నుంచి మూడు దించి చూడు. చెవికి ఇంజిన్ శబ్దం అలవాటైతే మీటర్ చూడాల్సిన పని తగ్గుతుంది. అలాగే మా ఇంటికొచ్చెయ్, టిఫిన్ ఇక్కడే.

మీ అక్క ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటోందట. దాంట్లోనూ పాడిల్స్ ఉండొచ్చు, కానీ అవి గేర్లకి కావని చెప్పు. బండి తగ్గేటప్పుడు బ్యాటరీలోకి ఎంత కరెంటు తిరిగి రావాలో, అంటే ఎంత గట్టిగా తగ్గాలో, వాటితో పెట్టుకుంటారు. గట్టిగా తగ్గే స్థాయి పెడితే మొదట్లో పక్కన కూర్చున్నవాళ్లకి కడుపులో తిప్పుతుంది, తక్కువ స్థాయితో మొదలుపెట్టమను.

ఇట్లు,
మీ మావయ్య