పట్నంలో పాస్టరుకి ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పనేముంటుంది?

మీ తమ్ముడు బైబిల్ కాలేజీ పూర్తి చేసి విజయనగరంలో చర్చి సంఘం చూసుకోడానికి వస్తున్నాడనీ, వారంలో ఆరు రోజులు ఖాళీయే కాబట్టి పక్కన ఉద్యోగం చేసుకోవచ్చా అనీ అడిగారు. నేను పాస్టరుగారి అబ్బాయిని. ఇదే ఊళ్ళో చర్చి వెనక రెండు గదుల ఇంట్లో పెరిగాను. ‘ఖాళీ’ అన్న మాట చదవగానే మనసు చివుక్కుమంది, అందుకే రాస్తున్నాను.

మా నాన్నగారు ఖాళీగా కూర్చున్న రోజు నాకు గుర్తు లేదు. తెల్లారగట్ల నాలుగున్నరకి ప్రార్థనలో కూర్చునేవారు. ఆరు కొట్టేసరికి గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. రాత్రి మొగుడు తాగొచ్చి కొట్టాడని ఒకావిడ, పిల్లాణ్ణి హాస్టల్లో చేర్చే అర్జీ రాసిపెట్టమని ఇంకొకాయన. టీ తాగి ఎక్సెల్ బండి మీద ఘోషాసుపత్రికి వెళ్ళి, కాన్పయిన పిల్లని పలకరించి, చంటిబిడ్డ తల మీద చెయ్యేసి ప్రార్థన చేసి వచ్చేవారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, మిగతా సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక. ఆదివారం ప్రసంగానికి కాగితం కలం పట్టుకునేది శనివారం రాత్రి పదకొండు తర్వాతే. అందుకే ఆయన ప్రసంగం చప్పగా ఉంటుందని కొందరనేవారు. ఇప్పుడైతే ఫోన్లో పెద్ద పెద్ద ప్రసంగీకులు దొరుకుతున్నారు, వాళ్ళతో పోల్చి మరీ చెబుతారు. చావు ఇంటికి ఫోన్లో పాస్టరు రాడు కదండీ. ఈ మాట పదేళ్ళుగా నా గొంతులో ఉంది.

పదేళ్ళని ఎందుకన్నానంటే, 2014 అక్టోబరు 12 ఆదివారం. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు.

ముందురోజు సాయంత్రమే నాన్నగారు పెద్ద చెరువు పక్క రేకుల ఇళ్ళన్నీ తిరిగి, మందిరంలోకి వచ్చి పడుకోండని చెప్పొచ్చారు. పొద్దున ఆరాధనకి రావద్దన్నా పాతికమంది వచ్చారు. కరెంటు లేదు, మైకు లేదు. మధ్యాహ్నం విశాఖ దగ్గర తీరం దాటుతున్న తుఫాను మా వైపూ విరుచుకుపడింది. సండే స్కూలు గది మీది రేకులు ఒక్కొక్కటే లేచి వెళ్ళిపోతుంటే మేమంతా లోపల గోడకి ఆనుకుని కూర్చున్నాం. రాత్రికి నెమ్మదించింది.

సోమవారం ఇంకా తెల్లవారకముందే తలుపు చప్పుడు. ఇడ్లీలు అమ్ముకునే ముసలమ్మ కొడుకు నిలువునా తడిసి నిలబడ్డాడు. ఫోన్లు లేవు, నడిచొచ్చాడు. “అయ్యగారూ, మాయమ్మ ఎల్లిపోనాదండీ. ఏటి సెయ్యాలో తెల్డం లేదు” అన్నాడు. నాన్నగారు చొక్కా తొడుక్కుంటూనే “నేనొస్తన్నాను బాబూ, పద” అన్నారు.

కరెంటు లేక ఐసు పెట్టె లేదు. శవపెట్టెలు చేసే కొట్టు తాళం వేసి ఉంది. సాయంత్రం దాకా ఆగే పరిస్థితి కాదు. అప్పుడు నాన్నగారు మందిరంలో టేకు బల్లలు రెండు ఊడదీయించారు. సంఘంలో వడ్రంగి పని తెలిసినాయన ఒకడు గంటన్నరలో పెట్టె చేశాడు. బల్ల అంచున పిల్లలు మేకుతో గీసిన పేర్లు పెట్టె మీద అలాగే ఉండిపోయాయి.

సమాధుల తోట దారి నిండా చెట్లు పడి ఉన్నాయి. మా పక్కింటివాళ్ళకి పైడితల్లమ్మ సిరిమాను జాతర చూడ్డానికి పల్లె నుంచి వచ్చిన చుట్టాలు గాలివానకి ఇక్కడే చిక్కుకుపోయారు. వాళ్ళలో ఐదుగురు కుర్రాళ్ళు కత్తులూ గొడ్డళ్ళూ పట్టుకుని, ఎవరూ అడక్కుండానే ముందు నడిచారు. వాళ్ళు కొమ్మలు నరికి దారి చేస్తుంటే మేం పెట్టె మోసుకుంటూ వెనక వెళ్ళాం. గొయ్యి తవ్విన కొద్దీ నీరు ఊరింది. తోడటానికి బకెట్టు నా చేతిలో ఉంది.

పాటల పుస్తకాలు తడిసి ముద్దయిపోయాయి. తెలుగులో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి నాన్నగారు అందుకున్నారు. ఆ ముసలమ్మకి చదువు రాదు, చౌదరిగారి కీర్తనలు మాత్రం అన్నీ నోటికి వచ్చు. చౌదరిగారు 1803లో పుట్టి 1890లో పోయారు, మన గంజాం సీమవారే. మా మతాన్ని నిన్నమొన్న బయటనుంచి ఊడిపడిందన్నట్టు మాట్లాడేవాళ్ళకి నేను ఆయన పేరు చెబుతాను. లండన్ మిషన్ అనే క్రైస్తవ సంస్థవాళ్ళు 1805లోనే విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుని బైబిల్ అనువాదం మొదలుపెట్టారు. 1812 నాటికి సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి.

ఆ తర్వాతి నెల కమిటీ మీటింగులో ఒక పెద్దమనిషి లేచి, ఆ రెండు బల్లలు ఎవరి అనుమతితో తీశారని అడిగాడు. తీర్మానం లేకుండా సంఘం ఆస్తి ముట్టుకోకూడదట. మా నాన్నగారు తల వంచుకుని తప్పయిందన్నారు. మా అమ్మ జాకెట్లు కుట్టి దాచిన డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టింది. దానికి రసీదు కూడా రాసిచ్చారు. ఆ రసీదు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, నేను మాత్రం ఆ పెద్దమనిషిని ఇంకా క్షమించలేకపోయాను.

ఇక ఉద్యోగం సంగతి. కరోనా ఏడాది 2020లో ప్రభుత్వం అర్చకులకి, ఇమాములకి, పాస్టర్లకి ఒక్కసారికి 5,000 రూపాయల చొప్పున ఇచ్చినప్పుడు, పాస్టర్లకి జీతాలొస్తున్నాయని మా వీధిలో చెప్పుకున్నారు. మాకు మాత్రం నెలలు గడిచింది కానుకల సంచి మీద, అమ్మ కుట్టుమిషను మీద. అందుకని డబ్బు కోసం పని చూసుకోవడంలో తప్పు లేదంటాను. కాకపోతే తొమ్మిది నుంచి ఆరు దాకా కట్టిపడేసే ఉద్యోగం కుదరదు. చావులు, కాన్పులు సెలవు చూసుకుని రావు. ట్యూషన్లు చెప్పుకోమనండి, మధ్యలో లేచి వెళ్ళొచ్చు.

ఇల్లు మాత్రం సంఘం ఉన్న వీధిలోనే తీసుకోమనండి. రింగ్ రోడ్డు వైపు అపార్టుమెంటు బాగుందని అటు వెళితే, తెల్లవారుజామున నడిచొచ్చి తలుపు కొట్టేవాళ్ళకి దూరమైపోతాడు.