సొంత పొలానికీ అనుమతి పత్రమా?

ప్రశ్న: 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని పాలస్తీనా రైతులు తమ పొలాలకు వెళ్లడానికి కూడా ఇజ్రాయెల్ అనుమతి తీసుకోవాలా?

జవాబు: చాలామందికి తప్పదు. 2002లో ఇజ్రాయెల్ మొదలుపెట్టిన వేర్పాటు గోడ చాలాచోట్ల ఇజ్రాయెల్‌కూ వెస్ట్ బ్యాంక్‌కూ మధ్య హద్దుగా ఉన్న 1949 నాటి యుద్ధ విరమణ రేఖను దాటి వెస్ట్ బ్యాంక్ లోపలి నుంచి సాగడంతో, ఊరు ఒకవైపు, ఆలివ్ తోటలు మరోవైపు మిగిలిపోయిన రైతులు, భూమితో తమ సంబంధాన్ని కాగితాలతో రుజువు చేసుకుని, గడువుతో కూడిన పర్మిట్ సంపాదించి, సైనికులు గేటు తెరిచే వేళకే వెళ్లి రావాలి. కొన్ని గేట్లయితే ఆలివ్ కాయల కోత కాలంలో తప్ప తెరుచుకోవు. ఏడాది పొడవునా దున్నకం, కొమ్మల కత్తిరింపు అవసరమైన తోటకు ఇది ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కర్లేదు. జెరూసలేం ఆసుపత్రులకు వెళ్లవలసిన వెస్ట్ బ్యాంక్ రోగులకూ పర్మిట్ కోసం ఇదే అవస్థ. ఇదంతా భద్రత కోసమేనని ఇజ్రాయెల్ అంటుంది. అయితే ఆక్రమిత భూభాగంలో గోడ నిర్మాణమూ, దానితో ముడిపడిన అనుమతుల పద్ధతీ అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని 2004లోనే అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహాపూర్వక అభిప్రాయంలో స్పష్టం చేసింది.