పిచ్‌బ్లెండ్ దులిపిన గుడ్డ

ప్రశ్న: మావారు ఒక కాలేజీ జియాలజీ మ్యూజియంలో 22 ఏళ్లుగా అటెండరు. అద్దాల బీరువాలో రాళ్లు దులపడం ఆయన పనే. పోయిన నెల ఎవరో రేడియేషన్ కొలిచే మీటరు తెచ్చి చూస్తే, ఒక నల్లరాయి దగ్గర టకటకమని ఒకటే మోత. పిచ్‌బ్లెండ్ అట, యురేనియం ఉంటుందట. అప్పట్నుంచి ఆయనకు నిద్ర లేదు. పిల్లల్ని కూడా దగ్గరికి రానివ్వడం లేదు. ఏం చేయాలి?
– ఒక సోదరి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు పిల్లల్ని ఆయన ఒళ్లో కూర్చోబెట్టండమ్మా. ఇది అంటుజబ్బు కాదు.

ఆ రాయి నాకూ చుట్టమే. డిగ్రీలో మా మాస్టారు కళ్లు మూసుకోమని చేతిలో పెట్టేవారు. నిమ్మకాయంత రాయికి చెయ్యి దిగిపోయేది. అంతే సైజు పలుగురాయికి రెండున్నర, మూడు రెట్ల బరువు. తర్వాత చేతులు కడుక్కోమని మాత్రం ఎవరూ అనలేదు. లేబుల్ మీద పేరూ నంబరూ తప్ప ఇంకో ముక్క ఉండేది కాదు. మీవారి దగ్గరా అదే జరిగుంటుంది.

మీటరు మోతకు హడలిపోకండి. తిరుమల ఘాట్ రోడ్డులో అడుగున కనిపించే గ్రానైట్ దగ్గర పెట్టినా అది ఊరుకోదు, కాకపోతే నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఈ రాయి నుంచి వచ్చే ఆల్ఫా కిరణాలు కాగితాన్ని కూడా దాటలేవు. గామా అనే ఇంకో రకం కిరణం దాటుతుంది గానీ, రెండింతల దూరం జరిగితే దాని జోరు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. మీవారు దాన్ని జేబులో వేసుకుని తిరగలేదు కదా!

నేనైతే దుమ్ము గురించి అడుగుతాను. నోటితో ఊదేవారా? దులిపిన చేత్తోనే టిఫిన్ తినేవారా? పొడి ఒంట్లోకి పోతే ఆల్ఫాకు అడ్డుండదు. ఇంకోటి, ఆ రాయి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువును వదులుతుంది. రంగూ వాసనా ఉండవు. మూసిన బీరువాలో పేరుకుంటుంది. 3.8 రోజులకు సగమవుతుంది, కానీ రాయి కొత్తది వదులుతూనే ఉంటుంది. యురేనియం సగం కావడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది మరి. అందుకే బీరువా తలుపు, గది కిటికీలు తెరిచి కాసేపు బయట నిలబడమనండి. ఇకపై గ్లవ్స్, తడిగుడ్డ.

డాక్టరుకు ఒకసారి చూపించి, ఈ 22 ఏళ్ల పని సంగతి దాచకుండా చెప్పండి. రాయిని ఏం చేయాలో కాలేజీవాళ్లు హైదరాబాద్‌లోని అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్‌ను అడగాలి. పక్కనే కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం జాడ తీసింది వాళ్లే.

అన్నట్టు, ఆ దులిపే గుడ్డను ఆయన ఇంటికి తెచ్చి ఉతికేవారా? ఇంకా ఇంట్లోనే ఉంటే విదల్చకండి. కవర్లో వేసి మూతి కట్టి, కాలేజీకే పంపేయండి.